వాడి ఆటలో ప్రతిసారీ అదే యాక్సిడెంట్. ఆ కార్లు దాచేయాలా?

రెండోషిఫ్ట్ (ప్రశ్న)

నమస్తే అందరికీ. మా వాడికి ఆరేళ్ళు. కొన్ని నెలల కిందట వాడూ వాళ్ళమ్మా వెళ్తున్న కారుని వెనక నుంచి లారీ గుద్దేసింది. నడుపుతున్నది మా ఆవిడే. తనకి కాలు విరిగి రాడ్ వేశారు, ఇప్పటికీ కర్ర సాయంతోనే నడుస్తోంది. వాడికి మాత్రం మోచేయి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. చిన్నపిల్లాడు, వాడికేం గుర్తుంటుంది, నాలుగు రోజులు పోతే మర్చిపోతాడు అన్నారు అందరూ. మేమూ అదే అనుకున్నాం.

మర్చిపోలేదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. కారెక్కమంటే డోర్ పట్టుకుని బిగుసుకుపోతాడు. రాత్రి లైటు తీస్తే చాలు, లేచి కూర్చుంటాడు. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఒంట్లో ఏ లోపమూ లేదు, చైల్డ్ కౌన్సెలర్‌ని కలవమన్నారు. మొదట వెళ్ళిన చోట వాణ్ణి బల్లకి అటువైపు కూర్చోబెట్టి "ఆ రోజు ఏమైంది? భయమేసిందా? ఎందుకు భయమేసింది?" అని వరసపెట్టి అడిగారు. వాడు చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడే తప్ప నోరు విప్పలేదు.

ఇప్పుడు వెళ్తున్న మేడం అసలు ఏమీ అడగరు. ఆవిడ గది నిండా బొమ్మలే. బొమ్మరిల్లు, ఇసుక తొట్టి, డాక్టర్ సెట్, చేతికి తొడుక్కునే బొమ్మలు, రెండు ఫోన్లు, మట్టి, రంగులు. ముప్పావు గంట లోపల వాళ్ళిద్దరే ఉంటారు, మేం బయట కూర్చుంటాం. ఏం చేశారని అడిగితే "ఆడుకున్నాడండీ, బాగానే ఉన్నాడు" అంటారు. దీన్ని ప్లే థెరపీ అంటారట. సరే.

నా అసలు టెన్షన్ ఇంట్లో ఆట గురించి. సాయంత్రమయ్యేసరికి ఒక ఎర్ర కారు, ఒక లారీ పట్టుకుని హాల్లో గోడ పక్కన చేరతాడు. కారు వెనక సీట్లో వేలెడంత బొమ్మని కూర్చోబెడతాడు. లారీ వెనక నుంచి వచ్చి గుద్దుతుంది. కారు పల్టీ కొడుతుంది, బొమ్మ కింద పడుతుంది. దాన్ని తీసి మళ్ళీ సీట్లో పెడతాడు. మళ్ళీ లారీ. నోటితో చప్పుడు కూడా చేయడు. మామూలుగా పిల్లలు బండ్లతో ఆడితే ఎంత గోల! వీడి ముఖంలో నవ్వూ ఉండదు, ఏడుపూ ఉండదు. చూడలేక ఒకసారి నేనే అంబులెన్స్ బొమ్మ తెచ్చి పక్కన పెట్టాను. చేత్తో అవతలికి నెట్టేసి "అది రాదు" అన్నాడు. అంతే, మళ్ళీ లారీ.

మా అమ్మ ఆ కార్లు కనపడకుండా పారేయమంటోంది. ఆట మొదలవగానే మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. ఈ ఆట వాడికి మంచి చేస్తోందా, ఆ రోజుని పదే పదే గుర్తుచేసి ఇంకా పాడుచేస్తోందా? ఆపించాలా? గదిలో ఏం జరుగుతోందో తల్లిదండ్రులకి చెప్పకపోవడం మామూలేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బడిగంట

చిన్న క్లాసుల టీచర్ని. మీ బాధ అర్థమైంది గానీ, నాకు ఈ ప్లే థెరపీ మీద పెద్ద నమ్మకం లేదండీ. ఆడుకోవడం పిల్లలకి మంచిదే, ఎవరు కాదంటారు? దానికి థెరపీ అని పేరు పెట్టి తలుపేసుకుని ఆడిస్తే అదనంగా ఒరిగేదేమిటి? మా క్లాసులో ఒక బాబు చీటికీ మాటికీ పక్కవాళ్ళని కొట్టేవాడు. కౌన్సెలింగ్‌లో పెద్ద గాలి బొమ్మ ఇచ్చి "నీ కోపమంతా దీని మీద తీర్చుకో" అన్నారట. వాడు అక్కడ బాగా ప్రాక్టీస్ చేసి, క్లాసుకొచ్చి ఇంకాస్త గట్టిగా కొట్టాడు. గట్టి రుజువులుంటే ఎవరైనా చూపించండి, అభిప్రాయం మార్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

ఇసుకపెట్టె

నేను చేసేది ఈ పనే. అందుకే ముందు ఒక మాట: మీ అబ్బాయిని నేను చూడలేదు. లారీ అంటే ఫలానా, బొమ్మ అంటే ఫలానా అని ఇక్కడ ఎవరైనా అర్థాలు చెప్తే నమ్మకండి, నేను చెప్పినా సరే. పిల్లల ఆటకి కలల పుస్తకంలా పట్టీ ఉండదు. పాము బొమ్మ ఒక పిల్లకి భయం, ఇంకో పిల్లకి నేస్తం, మూడో పిల్లకి నడుముకి కట్టుకునే బెల్టు.

మొదటి చోట వాడు ఎందుకు మాట్లాడలేదో ముందు చెప్తాను. ఆరేళ్ళ పిల్లాడు మొండికేసి దాచుకున్నాడని అనుకోవద్దు. ఆ వయసులో "ఎందుకు భయమేసింది" అన్నదానికి జవాబు మాటల రూపంలో వాడి దగ్గరే ఉండదు. లోపల ఏమనిపిస్తోందో బయట నిలబడి చూసి, పేరు పెట్టి, వరసలో చెప్పగలగడం దాదాపు పదకొండు పన్నెండేళ్ళకి గానీ కుదురుకోదు. అంతకన్నా చిన్నవాళ్ళు చేసి చూపిస్తారు. మూడేళ్ళ నుంచి పదకొండు పన్నెండేళ్ళ దాకా పిల్లలతో ఆట ద్వారా పనిచేయడానికి అసలు కారణం ఇదే. దానికి తోడు, బల్లకి అటువైపు పెద్దాయనో పెద్దావిడో కూర్చుని వరసగా ప్రశ్నలు వేస్తే, పిల్లలకి అది కౌన్సెలింగ్‌లా కనపడదు, తప్పు చేసి దొరికిపోయినట్టుంటుంది.

ఇది నిన్నా మొన్నా పుట్టిన పద్ధతేం కాదు. 1920లలోనే బెర్లిన్‌లో మెలనీ క్లెయిన్ అనే మానసిక విశ్లేషకురాలు చిన్న చిన్న బొమ్మలు పిల్లల ముందు పెట్టి, ఆటలో దాగిన అర్థాన్ని పిల్లలకే విప్పి చెప్పేవారు. ఆటకి అంత అర్థం అంటగట్టకూడదని సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు ఆనా ఫ్రాయిడ్ వాదించారు. ఆ తగాదా చాలాకాలం నడిచింది. ఇప్పుడు ఎక్కువమంది చేసే తరహాకి దారి వేసింది వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. 1947లో వచ్చిన పుస్తకంలో ఆవిడ ఎనిమిది సూత్రాలు పెట్టారు. నా మటుకు నాకు అందులో కష్టమైనవి రెండు. పిల్లలు దారి తీస్తారు, మనం వెనక నడవాలి. రెండోది, తొందరపెట్టకూడదు. వినడానికి సులువే. ఒక పిల్లాడు లారీతో అదే కారుని మళ్ళీ మళ్ళీ గుద్దుతుంటే, చేయి అడ్డం పెట్టకుండా కూర్చుని చూడండి, తెలుస్తుంది.

మరి మేం లోపల చేసేదేమిటి? ఊరికే ఆడుకోవడం మాత్రం కాదు. పిల్లాడు కారు అనేదాకా దాన్ని నేను కారు అనను, "అది" అంటాను. కారు అన్న క్షణం నుంచి అది కారు. "దాన్ని వెనక సీట్లో పెట్టావు." "ఆ పెద్దది మళ్ళీ వచ్చేసింది. ఎవ్వరూ ఆపలేకపోయారు." ఇలా కనిపించిందాన్ని, దాని వెనకున్న భావాన్ని కాస్త పైకి చెప్తాం. "ఇది మీ అమ్మే కదూ?" అని మాత్రం అనం. బొమ్మ చాటున ఉన్నంతసేపే వాడికి ధైర్యం. ఆ చాటు మనం లాగేస్తే ఆట అక్కడితో ఆగిపోతుంది.

ఒక పాప గురించి చెప్తాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. చాలాకాలం ఆస్పత్రిలో ఉండి వచ్చిన పిల్ల. గదిలోకి రాగానే డాక్టర్ సెట్ తీసేది. ఎలుగుబంటికి సూది, కుర్చీ కాలికి సూది, తర్వాత నాకు. పొడిచే ముందు ప్రతిసారీ "ఏం నొప్పి పుట్టదు" అనేది, అచ్చం పెద్దవాళ్ళ గొంతుతో. నేనేం చేయాలి అని గుసగుసగా అడిగాను. "ఏడవాలి. కానీ చెయ్యి లాక్కోకూడదు" అంది. ఏడ్చాను, చెయ్యి లాక్కోలేదు. "అయిపోయింది కదా, ఎందుకా ఏడుపు?" అని కసిరింది కూడా. వారాల తరబడి ఇదే. ఆ తర్వాత ఒకసారి, సూది చేతిలో పట్టుకుని ఆగింది. "ఇది కొంచెం నొప్పి పుడుతుంది. పట్టుకోవడానికి నా వేలు కావాలా?" అంది. అంతవరకు ఆ ఆటలో అలాంటి డాక్టరు లేరు. ఆ పిల్లే తయారుచేసుకుంది. నేను ముందే తొందరపడి "డాక్టర్లు మంచివాళ్ళమ్మా" అని పాఠం చెప్పి ఉంటే ఆ డాక్టరు పుట్టేవారు కాదు.

తమ చేతుల్లో లేకుండా జరిగిపోయినదాన్ని ఆటలో తమ చేతుల్లోకి తెచ్చుకోవడం పిల్లల సహజ గుణం. ఏడాదిన్నర మనవడు దారం కట్టిన చెక్క రీలుని మంచం అంచు మీంచి విసిరి, మళ్ళీ లాక్కుంటూ ఆడటం గమనించి, తల్లి వెళ్ళిపోవడాన్నీ తిరిగి రావడాన్నీ వాడలా ఆడుకుంటున్నాడని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1920లోనే రాశారు. కాబట్టి యాక్సిడెంట్ చూసిన పిల్లాడు యాక్సిడెంట్ ఆడటంలో వింతేమీ లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. అన్ని ఆటలూ మేలు చేయవు. 1976లో అమెరికాలోని చౌచిల్లాలో స్కూలు బస్సుని ఆపి 26 మంది పిల్లల్నీ డ్రైవర్నీ ఎత్తుకుపోయి, భూమిలో పూడ్చిన ట్రక్కు పెట్టెలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పిల్లల్ని తర్వాత ఏళ్ళ తరబడి గమనించిన సైకియాట్రిస్టు లెనోర్ టెర్, వాళ్ళ ఆటలో ఒక తేడా చూశారు. అదే కథ, అదే వరస, సంతోషం లేదు, ఆడాక ఊరటా లేదు. ఎలియానా గిల్ అనే థెరపిస్టు తర్వాత దీన్ని ఇంకాస్త విడదీశారు: కదులుతున్న ఆట, ఇరుక్కుపోయిన ఆట.

మీరు చూడాల్సింది ఇదే. ఏదైనా ఒక్కటి మారుతోందా? బొమ్మ కూర్చునే చోటు, లారీ వచ్చే దిక్కు, కొత్తగా ఎవరైనా రావడం, నోట్లోంచి ఒక చప్పుడు, మధ్యలో మీ వైపు ఓ చూపు. ఆట అయ్యాక వాడు తేలికపడి ఇంకో పనిలోకి వెళ్తున్నాడా, ఇంకా బిగుసుకుంటున్నాడా? ఆ రోజు రాత్రి నిద్ర ఎలా ఉంది? మీరు రాసినదాన్ని బట్టి చూస్తే (ఇంతకన్నా ముందుకు వెళ్ళి చెప్పలేను) ఇరుక్కుపోయినట్టే అనిపిస్తోంది. ఇదంతా మీ మేడంకి తెలిసి తీరాలి. ఆవిడ గదిలో వాడు బహుశా కార్ల జోలికే వెళ్ళకుండా ఇసుకలో ఆడుతుండవచ్చు. ఇంట్లో ఏం ఆడుతున్నాడో మీరు చెప్పకపోతే ఆవిడకి ఎలా తెలుస్తుంది? ఆట అలా ఆగిపోయినప్పుడు థెరపిస్టు ఆచితూచి ఒక చిన్న కదలిక తెస్తారు, "లారీ వచ్చే ముందు ఆ బొమ్మ కిటికీలోంచి ఏం చూస్తోందో" అన్నట్టు. అది ఆవిడ పని. ఇంట్లో మీరు ప్రయత్నించకండి.

కార్లు మాత్రం దాచకండి. దాస్తే, ఈ విషయం ఇంట్లో ఎవ్వరూ చూడలేరని వాడికి తెలిసిపోతుంది. పక్కన నేల మీద కూర్చోండి. చూసిందే చెప్పండి, రెండు మాటలు చాలు. ఫోన్ తీసి వీడియో పట్టకండి, చుట్టాలొస్తే "చూడండి ఎలా ఆడతాడో" అని చూపించకండి. ఆట శ్రుతి మించి లారీ నిజంగానే ఎవరి మీదకైనా వస్తే ఆపాల్సిందే. దానికి గ్యారీ లాండ్రెత్ అనే ఆయన నేర్పిన మూడు మెట్లున్నాయి: భావాన్ని గుర్తించు, హద్దు చెప్పు, బదులు దారి చూపించు. "నీకు చాలా కోపంగా ఉంది. అమ్మ కాలు కొట్టడానికి కాదు. లారీని ఆ దిండుకేసి గుద్దొచ్చు." గొంతు పెంచకుండా, ఆ వరసలోనే. భావం చెప్పకుండా ముందే హద్దు చెప్తే వాడికి తిట్టులా వినిపిస్తుంది.

సెషన్ నుంచి రాగానే "ఏం ఆడావు, మేడం ఏమన్నారు" అని అడగడం ఈ రోజు నుంచి మానేయండి. ఆవిడ మీకు చెప్పకపోవడం సగం సబబే. వాడు ఏ బొమ్మతో ఏమన్నాడో పూసగుచ్చినట్టు చెప్తే ఆ గది వాడిది కాకుండా పోతుంది. ఎవరైనా వాణ్ణి బాధపెడుతున్నారని తెలిసినా, వాడి ప్రాణానికి ముప్పు ఉందనిపించినా మాత్రం దాచరు, దాచకూడదు. మిగతా సగం సబబు కాదు. లక్ష్యాలేమిటి, ఆటలో ఏ ధోరణి కనిపిస్తోంది, ఇంట్లో మీరేం చేయాలి, మళ్ళీ ఎప్పుడు కూర్చుని సమీక్షిద్దాం, ఇవన్నీ చెప్పాలి. "బాగానే ఉన్నాడండీ" చాలదు. పిల్లాడు లేకుండా మీ ఇద్దరికీ విడిగా టైమ్ అడగండి. ఆవిడ ఎక్కడ, ఎందులో ట్రైనింగ్ తీసుకున్నారో కూడా అడగొచ్చు, మంచి థెరపిస్టు ఎవరూ నొచ్చుకోరు.

రెండోషిఫ్ట్

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండీ. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. అంబులెన్స్ దగ్గరికి రాగానే ఆపమంది.

ఆ రోజు నేను లేను, ఫోనొస్తే నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను. అంబులెన్స్‌లోనే తెచ్చారనుకున్నాను, ఎవర్నీ అడగలేదు కూడా. రాలేదట. ఫోన్ చేశారు, చాలాసేపు చూశారు, రాలేదు. చివరికి ఎవరో తెలియనాయన తన బండిలో వెనక పడుకోబెట్టి తీసుకెళ్ళారు. అంతసేపూ వీడు రోడ్డు పక్కన కూర్చుని "అంబులెన్స్ ఎప్పుడొస్తుంది" అని అడుగుతూనే ఉన్నాడట. తను "వస్తుంది నాన్నా, వస్తుంది" అంటూనే ఉందట.

అంటే వాడు నిజమే చెప్తున్నాడు. నేను బొమ్మ పెట్టి లేనిది కల్పిస్తున్నాను. ఇప్పుడు ఏమనాలి వాడితో? పైగా తను ఆటని చూడలేకపోతోంది. నడుపుతున్నది తనే కాబట్టి తప్పంతా తనదే అన్నట్టు ఉంటుంది. లారీ వెనక నుంచి గుద్దిందని పోలీసులు కూడా రాశారు, అయినా.

వానచినుకు

మా అమ్మాయి ఇంట్లో గలగలా మాట్లాడేది, గడప దాటితే ఒక్క మాట కూడా వచ్చేది కాదు. మా కౌన్సెలర్ గారు కొన్నాళ్ళు తనే ఆడించి, తర్వాత ఆ పని నాకు నేర్పారు. తల్లిదండ్రులతోనే చేయించే ఈ పద్ధతిని 1960లలో గెర్నీ దంపతులు మొదలుపెట్టారట, ఫిలియల్ థెరపీ అంటారు. వారానికి అరగంట. దానికోసం విడిగా ఒక సంచీ బొమ్మలు, అవి మిగతా రోజుల్లో బయటికి తీయకూడదు. ఆ అరగంట ఫోన్ లేదు, వంటగదిలోకి పరుగు లేదు, నేర్పడం లేదు.

ఆ నేర్పకపోవడం ఉంది చూశారూ, నా ప్రాణం మీదకొచ్చింది. తను ఏనుగుకి నీలం రంగు వేస్తే నా నోట్లోంచి "ఏనుగు ఏ రంగులో ఉంటుందమ్మా?" అని వచ్చేసేది. అవి ప్రశ్నలు కావట, పరీక్షలట! "వెరీ గుడ్" కూడా అనొద్దన్నారు. గుడ్ అంటే ఇక మనకి నచ్చేవే వేస్తారట. "ఏనుగంతా నీలం వేసేశావు, చెవులు కూడా వదల్లేదు" అనాలి. మొదట్లో నేను క్రికెట్ కామెంటరీ చెప్తున్నట్టు ఉండేది. మా అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని "అమ్మా, నాకు కనిపిస్తోంది కదా, మళ్ళీ నువ్వెందుకు చెప్తున్నావు?" అంది. కౌన్సెలర్ గారికి చెప్తే పడీ పడీ నవ్వి, "నేను కొత్తగా మాట్లాడటం నేర్చుకుంటున్నాను అని చెప్పండి" అన్నారు. చెప్పాను. ఒప్పుకుంది.

ఒకటి ముందే చెప్పాలి, మాకు బాగుపడే ముందు ఇంకాస్త ఎక్కువైంది. అంతవరకు బుద్ధిమంతురాలు అనిపించుకున్న పిల్ల నన్ను కూర్చోమని, నిలబడమని, నోరు మూసుకోమని ఆర్డర్లు వేసేది. ఆటలో టీచర్ తను, మాట రాని స్టూడెంట్ నేను. "చెప్పు! నోట్లో ఏముంది? చెప్పు!" అని స్కేలుతో బల్ల మీద కొట్టేది. నాకు అప్పుడే తెలిసింది క్లాసులో తనకి ఎలా ఉంటోందో. తర్వాత బయట మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, ముందు ఒక ఫ్రెండ్‌తో గుసగుసగా. స్కూల్లో కూడా వాళ్ళు ఓపిక పట్టారు, అదీ ఉంది, అంతా ఆట వల్లే అనను.

మీ ఆవిడని బలవంతంగా కూర్చోబెట్టకండి. మొదట మీరే మొదలుపెట్టండి.

ఇసుకపెట్టె

రెండోషిఫ్ట్ గారూ, ఈ అంబులెన్స్ సంగతి రేపే ఫోన్ చేసి మీ మేడంకి చెప్పండి. వచ్చే సెషన్ దాకా ఆగొద్దు. ఆవిడకి ఇంతకన్నా పనికొచ్చే సమాచారం ఉండదు. మనం అందరం గుద్దుకోవడం గురించి ఆలోచిస్తున్నాం. వాడికి గుద్దుకోవడం ఒక్క క్షణం, ఎదురుచూడటం చాలాసేపు. ఆటలో ఆ ఎదురుచూసే భాగమే లేదు, గమనించారా? బొమ్మ పడగానే తీసి మళ్ళీ సీట్లో పెట్టేస్తున్నాడు. ఇది నా ఊహ మాత్రమే, పక్కన పెట్టేసినా ఫర్వాలేదు.

వాడితో ఏమనాలంటే, ఆటలో ఏమీ జొప్పించకండి. మళ్ళీ "అది రాదు" అంటే "అవును, ఆ రోజు రాలేదు. చాలాసేపు చూశారు" అనండి, అంతటితో ఆగండి. వాడు ఇంకేమైనా అంటే వినండి, అనకపోతే అనిపించకండి. ఆ తీసుకెళ్ళినాయన ప్రస్తావన మీరు తేవద్దు, వాడే ఎప్పుడో తెస్తాడేమో.

మీ ఆవిడ గురించి కాస్త గట్టిగానే చెప్తాను. తనకీ సాయం కావాలి, తన కోసం, విడిగా. లారీ గుద్దింది తనని కూడా. వాడు ఆట మొదలుపెట్టగానే అమ్మ లేచి వెళ్ళిపోవడం వాడు చూస్తూనే ఉంటాడు. నేను ఆడితే అమ్మకి నొప్పి అని లెక్క వేసుకునే వయసే అది. కూర్చోలేకపోతే దానికి ఒక మాట చాలు: "నాకు కాలు నొప్పిగా ఉంది, లోపల పడుకుంటాను. నువ్వు ఆడుకో, నాన్న ఉన్నారు." వెళ్ళడం తప్పు కాదు, ఏమీ చెప్పకుండా వెళ్ళడమే వాడికి అంతుపట్టదు.

బడిగంట గారూ, మీ గాలి బొమ్మ విషయంలో నేను మీ వైపే. కోపాన్ని కొట్టి బయటికి పంపేయొచ్చనే నమ్మకానికి పెద్ద ఆధారం లేదు. పెద్దవాళ్ళు బొమ్మని కొడుతుంటే చూసిన పిల్లలు అదే చేశారని ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1961లోనే చూపించారు. ఆ బొమ్మని ఇంకా గదిలో ఉంచే థెరపిస్టులు ఉన్నారు, నేను ఉంచను. ఉంచినా, పిల్లాడు తనంతట తాను కొడితే దాని వెనకున్న భావాన్ని పట్టుకోవడం వేరు, "కొట్టు" అని చేతికివ్వడం వేరు. మీ స్టూడెంట్‌కి జరిగింది రెండోది.

రుజువుల మాట. 2005లో బ్రాటన్, మరికొందరు కలిసి 93 అధ్యయనాల ఫలితాల్ని ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ప్లే థెరపీ చేసిన పిల్లలకీ చేయనివాళ్ళకీ మధ్య తేడా ఎంతో చెప్పే అంకె 0.80 వచ్చింది, ఈ రంగంలో అది పెద్దదే. తల్లిదండ్రులు నేర్చుకుని చేసినప్పుడు ఇంకా ఎక్కువ వచ్చింది, వానచినుకు గారి అనుభవానికి అది సరిపోతుంది. అయితే అందులో పాతవి, కొద్దిమంది పిల్లలతో చేసినవి చాలా ఉన్నాయి, కాబట్టి ఆ అంకెని నేను తలకెత్తుకుని తిరగను. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ప్రమాదం, హింస లాంటి దెబ్బ తర్వాత వచ్చే లక్షణాలకి ఇంతకన్నా గట్టి ఆధారాలు ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీకి (ఆలోచనల్నీ ప్రవర్తననీ మెల్లగా మార్చే థెరపీకి) ఉన్నాయి. మూడేళ్ళ పిల్లల నుంచి చేస్తారు, చిన్నవాళ్ళకి అందులోనూ బొమ్మలు, బొమ్మలాటలు వాడతారు. తల్లిదండ్రులు తప్పకుండా పాలుపంచుకుంటారు. పిల్లాడు కారెక్కడం లాంటి వాటిని మెట్టుమెట్టుగా చేయిస్తారు.

కాబట్టి రెండోషిఫ్ట్ గారు అడగాల్సినవాటిలో ఇదీ ఒకటి: కొన్ని వారాల్లో ఆట కదలకపోతే, నిద్ర, పక్క తడపడం, కారు భయం అలాగే ఉంటే, పద్ధతి మారుస్తారా, లేక సీబీటీ బాగా చేసేవాళ్ళ దగ్గరికి పంపిస్తారా? "ఓపిక పట్టండి, అదే సర్దుకుంటుంది" అనే జవాబొక్కటే వస్తే నాకైతే నచ్చదు. మా వృత్తిలో పద్ధతి మీద ప్రేమ పెరిగి పిల్లాణ్ణి మర్చిపోయేవాళ్ళు ఉన్నారు.

బడిగంట

ఒప్పుకుంటున్నాను, సగం. నచ్చిన విషయం, చేసేవాళ్ళే దాని లోటుపాట్లు చెప్పడం. మా క్లాసులో వారానికి అరగంట ఒక్కో పిల్లతో నేల మీద కూర్చోవడం నలభై మందితో కుదిరే పని కాదు, కానీ ఆ "భావం, హద్దు, బదులు దారి" వరస రేపు గొడవ జరిగినప్పుడు వాడి చూస్తాను. ఇన్నాళ్ళూ హద్దుతోనే మొదలుపెడుతున్నాను.

రెండోషిఫ్ట్

మేడంకి ఫోన్ చేశాను. మొత్తం విన్నారు, ఈ వారం మా ఇద్దరికీ వాడు లేకుండా టైమ్ ఇచ్చారు. మా ఆవిడ వస్తానంది. సీబీటీ గురించి కూడా అడిగాను, అది తను చేయరట, అవసరమైతే చేసేవాళ్ళ పేరు ఇస్తానన్నారు.

ఒక్క డౌట్. వాడికి మూడేళ్ళ చెల్లెలుంది. నేను వాడి పక్కన కూర్చోగానే అదీ వచ్చేస్తుంది. లారీ లాక్కుంటుంది, బొమ్మని నోట్లో పెట్టుకుంటుంది. వాడు అరుస్తాడు. అదొచ్చాక కార్లు పోయి కొట్లాట మొదలవుతుంది. ఇద్దర్నీ కలిపి ఆడించాలా?

ఇసుకపెట్టె

ఆ అరగంటలో వద్దు. కలిసి ఆడుకోవడానికి రోజంతా ఉంది. వాడి టైమ్ వాడిదే. ఆ సమయానికి చెల్లెల్ని ఇంట్లో ఇంకొకరు వేరే గదిలోకి తీసుకెళ్ళాలి, మీ అమ్మగారికి ఇంతకన్నా మంచి పని ఉండదు, కార్లు పారేసే ఆలోచన కూడా మర్చిపోతారు. ఇంకో రోజు చెల్లెలికీ అంతే టైమ్ ఇవ్వండి, లేకపోతే అది ఊరుకోదు. మూడేళ్ళ పిల్లకి పదిహేను నిమిషాలు చాలు. టైమ్ అయిపోవడానికి ఐదు నిమిషాల ముందు చెప్పండి, హఠాత్తుగా లేవకండి. అయిపోయాక బొమ్మలు సర్దమని వాడికి చెప్పొద్దు, మీరే సర్దండి. ఆ బొమ్మ నోట్లో పెట్టుకునేంత చిన్నదైతే మాత్రం ఆట అయిన వెంటనే చెల్లెలికి అందకుండా పైన పెట్టండి, అది థెరపీతో సంబంధం లేని మాట.

ఆ కర్ర పట్టుకుని నడిచే మీ ఆవిడని కారు నడపడం ఎప్పుడు మొదలుపెడతావని ఎవరూ అడగకుండా మీరు చూసుకోండి.